ప్రతిపాదిత లోకల్ రైలు సకాలంలో నడుస్తోంది

శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖకు లోకల్ రైలు లైను వేయాలని అడిగేవాళ్లు ఈ మధ్య మళ్లీ ఎక్కువయ్యారు. విశాఖ పెరుగుతోందట. కొత్తవలస, పెందుర్తి ఊళ్లో కలిసిపోతున్నాయట. భోగాపురంలో విమానాశ్రయం వస్తోందట. కాబట్టి ముంబైలోలాగా పావుగంటకో బండి కావాలట.

ఈ డిమాండును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. మనకి రైలు లేదని ఎవరన్నారు? ప్రతిపాదిత రైలు ఉంది కదా. అది ఏనాడూ ఆలస్యం కాలేదు. ఎవర్నీ ఒంటికాలి మీద నిలబెట్టి తీసుకెళ్లలేదు. దాని మరుగుదొడ్డిలో నీళ్లు అయిపోయాయని ఫిర్యాదు లేదు. ఇంత మంచి బండిని పోగొట్టుకుని, పట్టాల మీద నడిచే మామూలు రైలు తెచ్చుకుందామనడం ఏం తెలివో నాకు బోధపడటం లేదు.

ప్రతిపాదిత రైలు మన ప్రాంతానికి ఏమిచ్చిందో తెలియాలంటే రణస్థలం నుంచి భోగాపురం దాకా హైవే పక్కన ఏ వెంచర్ దగ్గరైనా ఆగి బ్రోషర్ అడగండి. దళసరి కాగితం, నున్నగా ఉంటుంది. మొదటి పేజీలో ఫౌంటెన్, దాని పక్కన మన జిల్లాలో ఎక్కడా కనిపించని రంగులో ఒక కుటుంబం. రెండో పేజీలో మ్యాపు. అందులో హైవే సన్నగా, ఊళ్లు చుక్కల్లా ఉంటాయి. ప్రతిపాదిత లైను మాత్రం వేలెడు మందాన, చుక్కల గీతగా, సరిగ్గా ఆ వెంచర్ గేటు ముందు నుంచే పోతుంది. పక్క వెంచర్ బ్రోషర్‌లో వాళ్ల గేటు ముందు నుంచి పోతుంది. ఇంత వంగే గుణం ఇనప పట్టాకు ఉంటుందా?

అలాంటి చోట ఒకసారి రిటైరైన మాస్టారొకాయనకీ ఏజెంటు కుర్రాడికీ జరిగిన సంభాషణ విన్నాను.

"ఆలోచించకండి మాస్టారూ. రైలు పడిందంటే గజం ఈ రేటుకి దొరకదు."

"పడ్డాకే కొంటాన్లే బాబూ. ఆ రైలెక్కే వస్తాను."

"అప్పుడు లాభం లేదండి. రాకముందు కొన్నోడిదే లాభం."

"మరి వచ్చాక?"

"వచ్చాక ఏటుంటాదండి, రైలుంటాది."

ఆర్థికశాస్త్రం ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. నిజమైన రైలు వస్తే ఇటు గేటు పడుతుంది, అటు హారన్ మోగుతుంది, రాత్రి గూడ్సు పోతుంటే కిటికీలు అదురుతాయి. ప్రతిపాదనకు ఈ బాధలేవీ లేవు. దానికి ధర పెరగడం తప్ప వేరే పని తెలీదు.

అయినా మనకి తొందరెందుకు? 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో విశాఖకు మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమని రాశారు. కొత్త రైల్వే జోన్ సంగతి ఆరు నెలల్లో తేల్చమని కూడా అందులోనే ఉంది. ఆ ఆరు నెలలు హాయిగా, ఎవరినీ తొందరపెట్టకుండా గడిచి, 2019 ఫిబ్రవరిలో జోన్ ప్రకటన అయింది. 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన అయింది. మెట్రో సంగతికొస్తే, మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 3 కారిడార్లు, 42 స్టేషన్లు అని దశాంశ స్థానాలతో సహా లెక్క తేలింది. కొమ్మాది నుంచి భోగాపురం రెండో దశ. అంటే విజయనగరం జిల్లా గడప తొక్కడానికే రెండో దశ రావాలి. శ్రీకాకుళం ఎన్నో దశో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. భోగాపురం విమానాశ్రయానికే 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేసిన నేల మనది. ఒక్క ముహూర్తంతో సరిపెట్టుకునే అలవాటు మనకి లేదు.

ఉన్న రైళ్లు చాలవా అంటే, బ్రహ్మాండంగా చాలతాయి. 1890ల్లో వేసిన తూర్పుతీర లైను శ్రీకాకుళం పట్టణాన్ని ముట్టుకోకుండా ఆమదాలవలస మీదుగా పోయింది. స్టేషన్‌కి మాత్రం శ్రీకాకుళం రోడ్ అని పేరు. ఊరికీ స్టేషన్‌కీ మధ్య సుమారు 12 కిలోమీటర్లు. తెల్లారి బండి అందుకోవాలంటే ఊళ్లోవాళ్లు షేర్ ఆటోలో తొమ్మిదో మనిషిగా కూర్చుని వెళ్లాలి. ఈ సౌకర్యం వల్ల మనకి రైలెక్కే ముందే ప్రయాణం చేసిన తృప్తి కలుగుతుంది.

ఎక్కాక ఇంకా బాగుంటుంది. విశాఖ వెళ్లే పాసింజర్ సిగడాంలోనో చీపురుపల్లిలోనో లూప్ లైన్లో, అంటే వేరే బండ్లకు దారిచ్చే పక్క పట్టాల మీద పడిందంటే, ఇక ఆ పెట్టెలో జరిగేది చూసి తీరాలి. సీజన్ టికెట్ బ్యాచ్ మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేక తీస్తుంది. దూసిలో ఎక్కినావిడ వంకాయల గంప మీద తడిగుడ్డ తీసి, చూసి, మళ్లీ కప్పుతుంది. డిగ్రీ కుర్రాడు టిఫిన్ బాక్స్ తొమ్మిదింటికే ఖాళీ చేసేస్తాడు. పక్క లైన్లో ఒడిశా నుంచి బొగ్గు బండి వస్తుంది. ఎవరో ఒకరు పెట్టెలు లెక్కపెట్టడం మొదలెడతారు. యాభై ఎనిమిది వరకూ వచ్చి, బ్రేక్ వ్యాన్ పోయాక, "అయిపోనాది, ఇప్పుడు మనోడే" అంటారు. మనోడు కదలడు. వెనకాల వందే భారత్ ఉంది.

ఇందులో రైల్వే తప్పేమీ లేదు. బొగ్గు టన్నుకింత అని కడుతుంది. సీజన్ టికెట్ మనిషి నెలకోసారి కట్టి రోజూ ఎక్కుతాడు, పైగా ఫ్యాన్ తిరగడం లేదంటాడు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, శ్రీకాకుళం రోడ్ నుంచి విశాఖ ఆ లోపే. అంటే మీరు రోజూ పోయి రావచ్చని రైల్వే ఒప్పుకుంది. ఎన్నింటికి చేరతారన్నది మాత్రం మీకూ దేవుడికీ మధ్య విషయం. ఆఫీసులో రిజిస్టర్ మీద ఎర్ర గీత పడకుండా చేరాలంటే విశాఖలో గది తీసుకోవాలి. గోపాలపట్నం, మద్దిలపాలెంలో గదులు అద్దెకిచ్చేవాళ్లు కూడా మనుషులే కదా. రెండు జిల్లాల కుర్రాళ్లు పొద్దున్నే రైలెక్కి సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చేతి ముద్ద తినేస్తే ఆ మెస్సులు ఏమైపోవాలి?

ఇంజనీర్లు చెప్పే సంగతులు కూడా ఉన్నాయి. లోకల్ రైలు రెండు లైన్లలో ఎక్స్‌ప్రెస్సులకీ గూడ్సులకీ మధ్య దూరి నడవదు, దానికి విడిగా దారి కావాలి. ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైనుకి 2023లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. విశాఖ స్టేషన్‌లో హౌరా–చెన్నై బండ్లకు ఇంజన్ ఈ చివర తీసి ఆ చివర తగిలించాలి, అందుకని ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా వెనకొచ్చేవి బయట నిలబడతాయి. ఇవన్నీ సరిచేస్తే రైలు నడుస్తుందని వాళ్లంటారు. నేను భయపడేది కూడా దానికే.

మధ్యలో ఒక గొప్ప సూత్రం చెప్పడం మరిచాను. బండ్లు లేవు కాబట్టి ఎక్కేవాళ్లు లేరు. ఎక్కేవాళ్లు లేరు కాబట్టి బండ్లు అక్కర్లేదు. మరి వాళ్లంతా ఎక్కడికి పోయారంటే, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విశాఖ నాన్‌స్టాప్ దగ్గర నిలబడ్డారు. అక్కడ నిలబడ్డవాళ్లని రైల్వే లెక్కలోకి తీసుకోవడం మర్యాద కాదు.

నిజంగా రైలొస్తే ఏమవుతుందో హైదరాబాద్ చూపించింది. అక్కడ ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు 2003లో మొదలైంది. మొదటి దశ ఖర్చు రాష్ట్రమూ రైల్వే చెరిసగం పెట్టుకున్నాయి. రెండో దశకి రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు అన్నారు. ఆ వంతుల దగ్గర మాటామాటా పెరిగి పని ఏళ్ల తరబడి సాగింది. అంతకన్నా ఘోరం, నడుస్తున్న బండ్లను జనం సరిపోలేదన్నారు, టైముకి రాలేదన్నారు, ఇంకా వేయమన్నారు. ఒకసారి రైలు రుచి మరిగిన జనాన్ని ఆపడం ఎవరి తరం? ప్రతిపాదన దశలో మాత్రం జనం ఎంతో సంస్కారంతో ఉంటారు. ఐదేళ్లకోసారి చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం. దయచేసి లైను వేయకండి, ప్రతిపాదననే విస్తరించండి. దానికి టైంటేబుల్ అచ్చేయండి. రాజాం, పాలకొండ వాళ్లకు బ్రాంచి లైను ప్రకటించండి. ఇచ్ఛాపురం వాళ్లు మా దాకా ఎందుకు రాదని అలగొచ్చు. భూసేకరణ లేదు, పరిహారం లేదు, నీ వంతు నా వంతు అన్న పేచీ లేదు, మ్యాపు మీద ఇంకో జానెడు చుక్కలు పెడితే చాలు. అక్కడ హైవే పక్కన కూడా గజాల లెక్కన అమ్మడానికి కావలసినంత స్థలం ఉంది.