ఒకటిన్నర రెట్ల పశ్చాత్తాపం

ముసలితనంలో పశ్చాత్తాపపడేవాళ్లకు నాదొక విన్నపం. పడదలుచుకున్నదేదో తొందరగా పడి కానిచ్చేయండి. నెల్లూరు జనానికి అవతల చాలా పనులున్నాయి. కిటికీలోంచి బయటకు చూడడం, టీ కప్పు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోవడం, నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం, ఇవన్నీ కలిపి రెండు నిమిషాలు దాటరాదు. దాటితే మాగుంట లేఅవుట్‌లో నాకు వరసకు బావ ఒకాయన ఉన్నాడు, బొటనవేలితో మిమ్మల్ని పది సెకన్లు ముందుకు నెట్టేస్తాడు.

ఈ బావ మొన్న ‘ది రిమైన్స్ ఆఫ్ ది డే’ చూశాడు. 1993లో జేమ్స్ ఐవరీ తీసిన సినిమా. నిడివి రెండు గంటల పద్నాలుగు నిమిషాలు. ఆయన దాన్ని ఫోన్లో ఒకటిన్నర రెట్ల వేగం పెట్టి, అది కూడా చాలక నడుమ నడుమ నెట్టుకుంటూ, గంటా పావులో ముగించి, గాంధీబొమ్మ దగ్గర టీ కొట్లో తీర్పు చెప్పాడు.

“ఏముంది బావా అందులో? ముసిలోడు వెండి సామాన్లు తుడస్తా ఉంటాడు. ఆమె వస్తాది, ఏందో అడగబోతాది, పోతాది. మళ్లీ తుడస్తాడు. ఏమీ జరగలా.”

కొట్లో ఉన్న నలుగురూ తలలూపారు. వాళ్లలో ఒక్కరూ ఆ సినిమా చూడలేదు. చూడని సినిమా బాగాలేదని తేల్చడంలో కనబడే ఐకమత్యం మా ఊళ్లో ఇంకే విషయంలోనూ కనబడదు.

బావ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. అందులో ఆంథొనీ హాప్కిన్స్ ఉన్నాడు. అంతకు ముందే మనుషుల్ని తినే డాక్టరుగా వేసి ఆస్కార్ కొట్టినాయన. అంతటి మనిషిని తెచ్చి పళ్లేలు తుడిపించారు. సినిమా మొత్తం మీద ఒక్కర్ని కొరకడు. క్రిస్టఫర్ రీవ్ కూడా ఉన్నాడు, అంటే సాక్షాత్తూ సూపర్‌మ్యాన్. ఒక్కసారన్నా గాల్లోకి లేవడు. ఆఖర్లో ఎగిరేది దారి తప్పి హాల్లోకొచ్చిన పావురం. సూపర్‌మ్యాన్‌ని నేల మీద నిలబెట్టి పావురాన్ని ఎగరేసిన ఈ సినిమాకి ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. దేవుడున్నాడంటాడు బావ.

కథ కజువో ఇషిగురోది. 1989లో ఆ నవలకే ఆయనకు బుకర్ బహుమతి ఇచ్చారు, 2017లో నోబెల్ కూడా ఇచ్చారు. వాళ్లకు పనులు లేవు కాబట్టి నెమ్మదిగా చదివి ఉంటారు. స్టీవెన్స్ అని ఒకాయన ఇంగ్లండులో ఒక ప్రభువు బంగళాలో బట్లరు. అదే ఇంట్లో పనివాళ్ల మీద పెత్తనం చూసే మిస్ కెంటన్‌కు ఈయనంటే ఇష్టం. ఈయనకూ ఇష్టమే, చెప్పడు. ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోతున్నా చెప్పడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1958లో, యజమాని కారు తీసుకుని పనిగట్టుకుని చూడబోయి అప్పుడూ చెప్పడు. వానలో ఆమె బస్సెక్కి వెళ్లిపోతుంది.

“చెప్పి చావొచ్చు గదా” అన్నాడు టీ మాస్టరు. అక్కడికక్కడే సినిమా మరమ్మతు మొదలైంది.

బంగళా ఇంగ్లండులో ఎందుకు, బుచ్చిరెడ్డిపాళెం పక్కన ఒక పెద్ద ఆసామి మేడ చాలు. బట్లరు గుమస్తా అవుతాడు. గుమస్తాకి ఈలలు పడవు కాబట్టి అతను ఆ మేడకే వారసుడు, చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోయాడు. ఏ తిరునాళ్లు? దీని మీద ఒక టీ అయిపోయింది. ఒకాయన పెంచలకోన అన్నాడు. ఇంకొకాయన జొన్నవాడ అన్నాడు. జొన్నవాడైతే పెన్న పక్కనే ఉంటుంది, పిల్లోడు కొట్టుకుపోవడానికి కూడా వీలుంటుందని జొన్నవాడ ఖాయం చేశారు.

అసలు సినిమాలో ఒక సీనుంది. స్టీవెన్స్ తన గదిలో ఒక్కడే పుస్తకం చదువుకుంటుంటే కెంటన్ వచ్చి ఏం పుస్తకమని అడుగుతుంది. చూపించడు. ఆమె దగ్గరకొచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంటుంది. చూస్తే అది మామూలు ప్రేమ కథ పుస్తకం. అంతే. ముద్దు లేదు, పాట లేదు. ఆయన ఆమె వైపు చూస్తూ ఊరికే నిలబడి ఉంటాడు, చూసేవాళ్లకు ఊపిరాడదు. మా టీ కొట్టు కమిటీ ఆ పుస్తకం తీసేసి ఫోను పెట్టింది. వేళ్లు విడదీయడం తీసేసి వేలిముద్రతో లాకు తెరిపించింది. లాకు తెరుచుకోగానే మైపాడు బీచిలో పాట, వెనక యాభైమంది.

కథ జరిగే 1930లలో ఆ ఫోనేందని నేనడిగాను.

“పీరియడ్ సినిమా అంటే పక్కనొక లాంతరు పెడితే చాలు బావా” అన్నాడు బావ.

పెద్ద చిక్కు పశ్చాత్తాపం దగ్గర వచ్చింది. దానికి ముసలివాడు కావాలి. మన తెర మీద హీరోకి ముసలితనం నిషేధం. అరవై దాటాక కూడా కాలేజీలో సీటు సంపాదించగలడు. ముసలితనమే రానివాడు దేనికి పశ్చాత్తాపపడాలి, ఎప్పుడు పడాలి? కమిటీ చాలాసేపు ఆలోచించి ద్విపాత్రాభినయం అంది. తండ్రి ఫ్లాష్‌బ్యాక్‌లో నాలుగు నిమిషాలు పశ్చాత్తాపపడి పోతాడు, కొడుకు వచ్చి పగ తీర్చుకుంటాడు. పగ ఎవరి మీద అన్నాన్నేను. తండ్రి జీవితం పాడుచేసినవాడి మీద. పాడుచేసుకుంది ఆ తండ్రే కదా?

“ఇద్దరూ ఒకడే గదా బావా, వాణ్ణి వాడే కొట్టుకుంటాడు.”

దీనికి చప్పట్లు పడ్డాయి. తర్వాతవన్నీ చకచకా తేలిపోయాయి. వానలో బస్సు కదిలితే కెంటన్ చెయ్యి స్టీవెన్స్ చేతిలోంచి జారిపోయే సీను ఆత్మకూరు బస్టాండులో తీస్తారు. హీరో ఆ ఆర్టీసీ బస్సును ఒంటి చేత్తో ఆపుతాడు. మొదటి ఆట సూళ్లూరుపేటలో. అక్కడి తెర వెడల్పు వంద అడుగుల పైమాటే. (2022లో జిల్లాలు చీల్చినప్పుడు ఊరు తిరుపతి వైపు పోయింది గానీ మా లెక్కలో అది ఇంకా మాదే.) అంత తెర మీద ఒక ముసలాయన పెదవి వణికితే ఎట్టుంటుందో అనబోయాను. బస్సు ఎగిరితే ఇంకా బాగుంటుందన్నారు. పావురం సంగతి మటుకు తేలలేదు. టీ మాస్టరు వేపుడన్నాడు.

అంతదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. లేవబోతూ అడిగాను, “వాళ్ల నాయన చచ్చిపోయే సీను ఎట్టుంది బావా?” అని.

“ఏ నాయన?” అన్నాడు.

స్టీవెన్స్ తండ్రి కూడా బట్లరే. ముసలితనం మీదపడి ఒకరోజు ట్రేతో సహా కిందపడితే, చేతిలో ట్రే తీసేసి తుడుపుకర్ర పెడతారు. ఆ మాట ఆయనకు చెప్పాల్సిన పని కొడుక్కే పడుతుంది. తర్వాత బంగళాలో దేశదేశాల పెద్దమనుషుల సభ జరుగుతుంటే, పైన గదిలో తండ్రి పోతాడు. కెంటన్ కిందకొచ్చి చెబుతుంది. ఇప్పుడు పనిలో ఉన్నాను, కాసేపాగి వస్తానంటాడు కొడుకు. నేను ఆయన కళ్లు మూయనా అంటే, మూస్తే చాలా సంతోషం అంటాడు. అని వెళ్లి అతిథులకు మందు పోస్తాడు. ఆ మొహంలో ఏదో ఒకటి కదులుతుందని మనం చూస్తూ ఉంటాం. కదలదు. ఆ కదలకపోవడాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే ఏం మిగులుతుంది?

ఆ పెద్దమనుషులు ఏం చేస్తున్నారు? హిట్లర్ జర్మనీతో చేతులు కలుపుదామని మంతనాలాడుతున్నారు. అదే ప్రభువు, జర్మనీ నుంచి పారిపోయి వచ్చి పనిలో చేరిన ఇద్దరు ఆడపిల్లల్ని యూదులని చెప్పి తీసేయమంటాడు. తిరిగి అక్కడికే పంపితే వాళ్ల గతేమిటని కెంటన్ గోలపెడుతుంది. స్టీవెన్స్ తీసేస్తాడు. నోరెత్తడు. చివరికి దారిలో ఎవరో అడిగితే ఆ ప్రభువెవరో నాకు తెలీదంటాడు. బతుకంతా ఎవడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడో, ఆ పేరు చెప్పుకోడానికి మొహం లేదు. ఇదంతా పళ్లేలు తుడుస్తూనే జరిగింది. ఇది నెట్టేసి, ఏమీ జరగలేదంటాడా ఈ మనిషి!

సినిమా పోతే పోయింది. బావ వాళ్లమ్మ, మా అత్త, కోవూరులో ఒక్కతే ఉంటుంది. పెన్నా వంతెన దాటితే కోవూరు. బావ ఆదివారం ఫోన్ చేసి స్పీకర్లో పెడతాడు, పెట్టి టీవీ చూస్తుంటాడు. అత్త మాట మొదలుపెట్టి సగంలో ఆగుతుంది. వయసు, ఊపిరి తీసుకోవాలి. సరిగ్గా అక్కడే “సరేమా, ఉంటా” అంటాడు. ఆగిన తర్వాత ఆమె ఏం చెప్పబోయిందో ఆయనకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఎనభై ఏళ్ల మనిషి ఊపిరి తీసుకునేంత సేపు ఆగలేనివాడికి సినిమా స్లో అనే హక్కు ఎవడిచ్చాడు? సిగ్గుండక్కర్లా?

ఈసారి రొట్టెల పండక్కి కొడుకు కోసం వీసా రొట్టె పట్టుకుంటానంటున్నాడు బావ. పట్టుకోనివ్వండి. పనిలో పనిగా ఓపిక రొట్టె ఒకటి కూడా పట్టించాలని నా ప్రయత్నం. కాకపోతే అక్కడి పద్ధతి ప్రకారం కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె ఇస్తేనే కోరుకునేవాళ్లు అందుకోవాలి. వీసా వచ్చినవాళ్లు బాగానే దొరుకుతున్నారు. ఓపిక వచ్చినవాళ్లు మీకెవరైనా తెలిస్తే దర్గా దగ్గరికి పంపండి. బావ వరసలో అంతసేపు నిలబడడు కాబట్టి, ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటుంటే ఇంకా మంచిది.