మారథాన్ గారి దివ్యసముఖానికి ఒక పాత భక్తుడి ఫిర్యాదు

మహారాజశ్రీ మారథాన్ గారికి,

నమస్కారాలు. నేను క్షేమం. మోకాళ్ళు కూడా క్షేమమనే రాయమన్నాయి. మీ దగ్గర బయటపడడం వాటికి ఇష్టం లేదట.

అరవై దాటిన దగ్గర్నుంచీ లోకమంతా నాతో మహా మర్యాదగా ఉంటోంది. బస్సులో కుర్రాళ్ళు లేచి సీటిస్తున్నారు. బ్యాంకులో వరుస తప్పించి ముందుకు పంపుతున్నారు. మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు అడక్కుండానే చెయ్యందిస్తున్నారు. పొద్దున నేను పాతిక కిలోమీటర్లు పరిగెత్తి వచ్చానని వాళ్ళకి తెలియదు (అందుకే మెట్లెక్కలేకపోతున్నానని కూడా తెలియదు, పాపం). మీరొక్కరే నా నెరిసిన జుట్టు వైపు కన్నెత్తి చూడరు. నా జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో మీరు 42.195 కిలోమీటర్లు. ఇప్పుడూ అంతే. ఇన్నేళ్ళ పరిచయానికి ఆ చివరి 195 మీటర్లయినా వదులుకోకూడదా?

పోనీ అవి ఏ శాస్త్రప్రకారం వచ్చిన మీటర్లో చెప్పండి. మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. 1896లో ఏథెన్స్‌లో పుట్టినప్పుడు మీరు దాదాపు 40 కిలోమీటర్లు. 1912లో స్టాక్‌హోంలో 40.2. 1920లో ఆంట్వెర్ప్‌లో 42.75. వయసులో ఉండగా మీ ఒళ్ళు ఇష్టమొచ్చినట్టు పెరిగింది, తగ్గింది, ఎవరూ అడగలేదు. నేను రెండు కిలోలు పెరిగితే మాత్రం మడమ చేత కబురు పంపిస్తారు. ఇక 1908 లండన్ ఒలింపిక్స్ సంగతి. పరుగు విండ్సర్ కోట ఆవరణలో మొదలవ్వాలన్నారు, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగియాలన్నారు. కొలిస్తే 26 మైళ్ళ 385 గజాలు తేలింది. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఆ లెక్కనే ఖాయం చేసి కూర్చుంది. దొరల కుర్చీ ఏ మూలన వేశారన్నదాన్ని బట్టి, వందేళ్ళు దాటాక నా పిక్కలు పట్టేస్తున్నాయి.

అంతటితో ఆగారా? చాలామందికి తెలియని సంగతి కాబట్టి బహిరంగంగానే చెబుతున్నాను. రోడ్డు మీద మిమ్మల్ని కొలిచేవాళ్ళు సైకిలు ముందు చక్రానికి తిరుగుళ్ళ లెక్క చూపే పరికరం బిగించి, ప్రతి మలుపులోనూ రోడ్డంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గర దారిన తొక్కుతూ కొలుస్తారు. దూరం తక్కువ పడితే రికార్డులు చెల్లవన్న భయంతో కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున పైన కలుపుతారు. మొత్తం 42 మీటర్లు. కొసరు కొనేవాడు అడిగితే వేసేది. వద్దు మొర్రో అంటున్నా వేసే వ్యాపారిని మిమ్మల్నే చూశాను. పైగా నాలాంటివాడు ఆ దగ్గర దారిలో ఎక్కడ పరిగెత్తుతాడు? నీళ్ళ బల్ల కోసం ఎడమకి, చెట్టు నీడ కోసం కుడికి, వెనక నుంచి తోసుకొచ్చేవాళ్ళకి దారిస్తూ ఇంకెటో. చేతి గడియారం 42.2 చూపించి అభినందనలు చెప్పేసరికి చివరి గీత దగ్గరి ఆర్చి ఇంకా అల్లంత దూరాన ఉంటుంది. గడియారం నన్ను విజేత అంటుంది. మీరింకా బాకీ తీర్చలేదంటారు.

మీ ప్రచారం కోసం ఓ చావు కథ కూడా తగిలించుకున్నారు. మారథాన్ అనే చోట యుద్ధం గెలిచామని చెప్పడానికి ఫిడిప్పిడీస్ అనేవాడు అక్కడ్నుంచి ఏథెన్స్‌కి పరిగెత్తుకొచ్చి, మాట చెప్పి ప్రాణం విడిచాడట. ఆ కాలానికి దగ్గరివాడైన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఇది రాయనే లేదు. సాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకి పరిగెత్తాడని మాత్రం రాశాడు. చావు వ్యవహారం కొన్ని వందల ఏళ్ళ తర్వాతి రాతల్లోకి వచ్చి చేరింది. ఎవరైనా తమ దగ్గర జరిగిన చావును దాచిపెట్టుకుంటారు. జరిగిన ఆధారం లేని చావును నెత్తిన పెట్టుకుని ఊరేగింది మీరొక్కరే. మా బంధువుల్లో ఆ కథ నాకు చెప్పనివాడు లేడు.

బంధువులంటే గుర్తొచ్చింది. మీ పుణ్యమా అని మా చుట్టాలందరూ ఎముకల వైద్యులైపోయారు. సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించే మా తోడల్లుడు, ఆ లేవడం పూర్తికాకుండానే, "చిప్పలు అరిగిపోతాయి అన్నగారూ" అంటాడు. మితంగా పరిగెత్తేవాళ్ళలో మోకాలి కీళ్ళ అరుగుదల, కూర్చుని ఉండేవాళ్ళలో కంటే తక్కువేనని పరిశోధనల్లో తేలిందని ఎన్నిసార్లు చెప్పానో. వినడు. అయితే మితం అన్న ముక్క దగ్గర నేనూ కాస్త గొంతు తగ్గిస్తాను.

నా ఆదివారాలన్నీ మీకే రాసిచ్చాను. శనివారం సాయంత్రం ఇంటికి ఎవరొచ్చినా ఎనిమిదిన్నరకి ఆవులించడం మొదలెడతాను. వాళ్ళు నొచ్చుకుని లేస్తుంటే మా ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి సర్దిచెబుతుంది. "ఏమీ అనుకోకండి, రేపు ఆయనకి ముప్ఫై రెండు." వచ్చినవాళ్ళకి అది జ్వరమో, వాయిదా నంబరో అర్థం కాదు. పోటీకి ముందు పరుగు తగ్గించే ఆ మూడు వారాలైతే ఇంకా ఘోరం. విశ్రాంతి దొరికింది కదా అని ఒంట్లో లేని నొప్పులన్నీ వచ్చి పలకరిస్తాయి. ఎవరైనా తుమ్మితే ఆ గదిలో నేనుండను. మనవరాలు బడి నుంచి జలుబు తెచ్చుకుంటే దగ్గరికి రానివ్వలేదు. "తాతయ్యకి నేనంటే ఇష్టం లేదా అమ్మమ్మా?" అని అది అడిగింది. "ఉందమ్మా, పదిహేనో తారీఖు తర్వాత" అంది మా ఆవిడ.

ఇక బొటనవేలి గోరు. దాని మీద మీకున్న పగ ఏమిటో నాకిప్పటికీ తెలియలేదు. పరుగైన రాత్రి ఎర్రబడుతుంది, వారానికి ఊదారంగుకి తిరుగుతుంది, తర్వాత నల్లబడి, ఒకనాడు సాక్సు విప్పుతుంటే అందులోనే ఉండిపోతుంది. కింద పల్చగా, గీతలు గీతలుగా కొత్తది మొలుస్తూ ఉంటుంది. బొటనవేలి గోరు పూర్తిగా పెరగాలంటే ఏడాది పైన పడుతుంది. అంతవరకూ మీరు ఆగరు. నేనూ ఆగననుకోండి.

వయసు మీద పడిందని నాకు పుట్టినరోజులు చెప్పలేదు, నన్ను దాటిపోయేవాళ్ళ పిలుపులు చెప్పాయి. మొదట్లో "అన్నా, కొంచెం పక్కకి" అనేవారు. కొన్నాళ్ళకి "అంకుల్, సూపర్!" అన్నారు. అందులో సూపర్ ఏముందో నాకు తెలియలేదు గాని, అంకుల్ మాత్రం గుచ్చుకుంది. ఇప్పుడు "తాతగారూ, మీరే మాకు ఇన్‌స్పిరేషన్" అంటూ ఆగి, సెల్ఫీ దిగి, అది ఎవరికో పంపించి, అప్పుడు దాటిపోతున్నారు. ఇంత తంతు నడిపినా నా కంటే ముందే చేరతామన్న ఆ ధీమా చూశారా, దానికి మండుతుంది నాకు.

బహుమతులు ఇవ్వలేదని నేననను. వయసు విభాగంలో మూడో స్థానం వచ్చింది. ఆ విభాగంలో ఉన్నదే ముగ్గురం. నాలుగో ఆయన పేరిచ్చి రాలేదు. ఆరోగ్యం ముఖ్యం, తొందరపడి మళ్ళీ మొదలెట్టకండని ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

పోనీ ఇక చాల్లే అని కూర్చుందామంటే మీరు ఎవరో ఒకరిని పట్టుకొచ్చి చూపిస్తారు. కెనడాలో ఎడ్ విట్లాక్ అనే ఆయన 2004లో, 73 ఏళ్ళ వయసులో, 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో మిమ్మల్ని ముగించాడు. సాధన ఎక్కడ చేసేవాడు? ఇంటి దగ్గరి శ్మశానంలో. గంటల తరబడి అందులోనే చుట్లు కొట్టేవాడు. డెబ్బై దాటినవాణ్ణి రోజూ శ్మశానంలోకి తోలి, రోజూ తిరిగి ఇంటికి పంపిన ఘనత మీదే. ఇక ఫౌజా సింగ్ గారు 2011లో టొరంటోలో వందేళ్ళవాడిగా ఎనిమిది గంటల పైచిలుకు శ్రమపడి చివరి గీత దాటితే, జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్ళు రికార్డు రాసుకోలేదు. నూరేళ్ళ కాళ్ళు చాల్లేదు, నూరేళ్ళ కాగితం కూడా కావాలట.

ముప్ఫై కిలోమీటర్లు దాటాక మీరు అసలు రూపం చూపిస్తారు. కండల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఆ చుట్టుపక్కలే అడుగంటుతుంది. కొవ్వు మాత్రం పుష్కలంగా మిగిలే ఉంటుంది గాని, అడిగినంత వేగంగా అది అక్కరకు రాదు. ఈ కొవ్వు తగ్గించుకుందామనే కదా మొదట మీ గుమ్మం తొక్కింది! అక్కడ్నుంచి బుర్ర లెక్కలు మొదలెడుతుంది. ఇంకా పన్నెండు ఉన్నాయి. కిలోమీటరుకి ఏడు నిమిషాలు. ఏడు పన్నెండ్లు ఎంత? ఉద్యోగకాలమంతా పన్నెండో ఎక్కం పిల్లల చేత అప్పగించుకున్న లెక్కల మాస్టర్ని నేను. ఏడు పన్నెండ్లు ఎంతో రాలేదు. కిలోమీటరు పొడుగునా తంటాలు పడ్డాను. జవాబు దొరికేసరికి మిగిలినవి పన్నెండు కావు, పదకొండు. మళ్ళీ మొదలు. ముప్ఫై అయిదు దగ్గర ఒక అమ్మాయి తడి స్పాంజి చేతిలో పెడుతూ "ఇంకొంచెమే తాతగారూ" అంది. ఏడు కిలోమీటర్లమ్మా! అందామనుకున్నాను గాని నోట్లో తడి లేదు. నలభై దగ్గర మరో అబ్బాయి అదే మాట అన్నాడు. మీ వాలంటీర్లకి దూరాలు నేర్పించరా, లేక అబద్ధమాడటమే శిక్షణా?

మీ న్యాయం ఎలాంటిదో 1904లోనే తేలిపోయింది. సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో థామస్ హిక్స్ కూలబోతుంటే, ఆయన మనుషులు స్ట్రిక్నిన్ అనే విషాన్ని, ఎలకల్ని చంపడానికి వాడేదాన్ని, కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి పట్టించారు. పైన బ్రాందీ. ఆయన కంటే ముందు చేరుకున్న ఫ్రెడ్ లోర్జ్ దారిలో చాలా దూరం కారులో వచ్చాడని బయటపడింది. కారెక్కినవాణ్ణి తరిమేశారు, విషం తాగినవాడికి బంగారు పతకం ఇచ్చారు. 1908లో డొరాండో పియెత్రి స్టేడియంలోకి అందరికంటే ముందొచ్చి, దారి తప్పి, పడుతూ లేస్తూ ఉంటే జాలిపడి లేపి పట్టుకున్నారు. పట్టుకున్నారు కాబట్టే గెలుపు చెల్లదన్నారు. విషం సాయం కాదు, చెయ్యి పట్టుకోవడం సాయం. బాగుంది.

బోస్టన్ మారథాన్ వాళ్ళ అర్హత పట్టిక చూశాను. 65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళకి 4 గంటల 5 నిమిషాలు, 80 దాటినవాళ్ళకి 4 గంటల 50 నిమిషాలు. సమయం సడలిస్తారు గాని దూరంలో జానెడు తగ్గించరు. మొదట్లో దీనికి కోపం వచ్చేది. ఈ మధ్య ఇంట్లో నా చేతిలోంచి సంచులు లాక్కుంటున్నారు. నేను కుర్చీ ఎక్కి బల్బు మారిస్తే కేకలు పెడుతున్నారు. చెవుడు రాకపోయినా గట్టిగా మాట్లాడుతున్నారు. పెద్దాయన కదా అని నా తప్పుడు వాదనలకి కూడా తలలూపేస్తున్నారు. మీ దగ్గర ఆ పప్పులుడకవు. పాతికేళ్ళ కుర్రాణ్ణి ఎంత హింసిస్తారో నన్నూ అంతే హింసిస్తారు. ఈ మర్యాద నాకిప్పుడు ఇంకెక్కడా దొరకట్లేదు. కాబట్టి ఆ 195 మీటర్లు మీ దగ్గరే ఉంచుకోండి. కొసరు 42 కూడా.

గొడవల్లా గడువు గురించి. ఆరు గంటలన్నారు, సరే. వెనకాల నిదానంగా ఆ బస్సును ఎందుకు పంపిస్తారు? డ్రైవరు అద్దం దించి "ఎక్కుతారా సార్?" అని అంత ప్రేమగా అడగడం దేనికి? ఖాళీ సీటు కిటికీలోంచి కనిపించేలా నా పక్కనే నడపడం దేనికి? అంతకంటే అన్యాయం ఆ గాలి ఆర్చి. పోయినసారి నేను మూల తిరిగేసరికి ఎవరో మోటారు ఆపేశారు. ఆర్చి ముందు నడుము దగ్గర వంగింది, తర్వాత ఒక భుజం జారింది, "ఫినిష్" అన్న అక్షరాలు ముడతలు పడి నేల మీదికి వస్తుంటే నేను తల వంచుకుని కిందనుంచి దూరాను.

మీకు మీ పాత తీర్పే ఒకటి గుర్తుచేస్తాను. 1912 స్టాక్‌హోంలో జపాన్‌వాడు షిజో కనకురి ఎండకు తాళలేక, దారిలో ఓ ఇంటివాళ్ళ దగ్గర సేదతీరి, నిర్వాహకులకి ఒక్క మాటైనా చెప్పకుండా స్వదేశం వెళ్ళిపోయాడు. స్వీడన్‌వాళ్ళు తప్పిపోయాడని రాసుకున్నారు. 1967లో పిలిపించి, స్టేడియంలో మిగిలిన పరుగు పూర్తిచేయించి, సమయం కూడా ప్రకటించారు. 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. ఆ మధ్యలో ఆయనకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మనవలు కూడా పుట్టారు. ఆ పదోవంతు సెకను కూడా వదలకుండా లెక్కపెట్టినవారికి, నాకోసం ఇంకో పావుగంట మోటారు ఆపకుండా ఉండడం బరువా?

ఇట్లు,
తమ విధేయుడు,
వయసు విభాగం 65–69
(ముప్ఫై రెండు తర్వాత నడిచినట్టు మీ ఫొటోల్లో పడింది. దాన్ని పరుగుగానే నమోదు చేయగలరు.)