చెరువు మీది, నాలా ఎవరిది?

ఆదివారం పొద్దున్నే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, మోకాళ్ల లోతు బురదలో దిగి గుర్రపు డెక్క లాగేవాళ్లంటే నాకు గౌరవం. నేనూ రెండు మూడుసార్లు ఆ పని చేశాను, నడుం పట్టేసి సోమవారం సెలవు పెట్టాను కూడా. కాబట్టి ఇప్పుడు రాయబోయేది గట్టున నిలబడి చెప్పే నీతులుగా తీసుకోవద్దని మనవి. హైదరాబాద్‌లో చెరువుల కోసం కదిలిన కాలనీలు చాలా మటుకు తప్పు చోట కాపలా కాస్తున్నాయి. దొంగ పెరటి గోడ దూకుతుంటే మనం వీధి గుమ్మానికి తాళం మీద తాళం వేస్తున్నాం.

చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా రాక, చెరువును ఆక్రమించిందన్న ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చివేత, జంట జలాశయాల పరీవాహకంలో కట్టడాలకు కళ్లెం వేసిన 111 జీవోపై ప్రభుత్వాల పిల్లిమొగ్గలు, మూసీ ప్రక్షాళన రగడ... ఇవన్నీ పాఠకులకు కంఠతా వచ్చినవే. ఆ గొడవల్లో ఎవరి పక్షం వహించినా అందరూ తలూపే మాట ఒకటుంది, ‘చెరువును కాపాడుకోవాలి’ అని. నా పేచీ సరిగ్గా ఆ మాటతోనే.

రెండేళ్ల కిందట, వానాకాలానికి ముందు, ఓ కాలనీ కమిటీ వాళ్లు పిలిస్తే వాళ్ల చెరువు చూడటానికి వెళ్లాను. ముచ్చటగా ఉంది. కట్ట చుట్టూ రంగు పలకల నడక దారి, ఓపెన్ జిమ్, బతుకమ్మ ఘాటు, పక్షుల బొమ్మల బోర్డు. ‘నీళ్లు ఎటునుంచి వస్తాయండీ?’ అని అడిగాను. పెద్దమనిషి ఒకాయన తడుముకోకుండా ఆకాశం వైపు వేలు చూపించాడు. అందరం నవ్వుకున్నాం. తర్వాత నిజంగానే వెతికాం. అరగంటకు దొరికింది. ఒకప్పుడు ఎడ్లబండి దిగేంత వెడల్పు ఉండేదని పాతకాపులు చెప్పే వాగు, ఆ నడక దారి కిందే రెండు సిమెంటు పైపులుగా మారిపోయింది. ఒక పైపు మూతికి ఎవరో పారేసిన పరుపు అడ్డం పడి ఉంది. చారల పరుపు, పత్తి బయటికొచ్చి నాని నల్లబడింది. లక్షల రూపాయలు పోసి బాగుచేసిన చెరువు ఊపిరి ఆ పరుపు దగ్గర ఆగిపోయింది. చెరువుకు అవతలి కొసన మత్తడి (కోస్తా పాఠకులు అలుగు అని చదువుకోండి) ముందు ఆరడుగుల ప్రహరీ లేచింది. వచ్చే దారీ లేదు, పోయే దారీ లేదు. అలాంటిదాన్ని మా ఊళ్లో అయితే తొట్టి అంటారు.

చెరువు ఒంటరిది కాదని ఈ నేల మీద వెయ్యేళ్లుగా తెలిసినవాళ్లే చెరువులు కట్టారు. పై చెరువు మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు, అక్కడ నిండితే ఆ కిందిదానికి, చివరికి వాగుకో నదికో. గొలుసుకట్టు అన్నది అందుకే. గొలుసులో ఏ కొక్కెం తెగినా దెబ్బ ఆ కొక్కేనికి తగలదు, కిందివాటికి తగులుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు జరిగింది ఇదే. మనం ఆ వరదను నది కథగా చెప్పుకుంటాం, ఆనాడు జనాన్ని కాపాడిన అఫ్జల్‌గంజ్ చింతచెట్టు కథగా చెప్పుకుంటాం. నిజాం పిలుపు మీద వచ్చి కారణాలు లెక్కతీసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మాత్రం నది ఒడ్డున ఆగలేదు, పైకి చూశారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉంటే వాటిలో 221 తెగిపోయాయని తేల్చారు. ఒకటి తెగి రెండోదాని మీద పడితే, ఆ రెండూ కలిసి మూడోదాని మీద పడ్డాయి. సుమారు 15 వేల ప్రాణాలు పోయాయని చెప్పే ఆ వరదకు బీజం అఫ్జల్‌గంజ్‌లో పడలేదు. దానికి మందుగా ఆయన సూచించిన జలాశయాలూ నగరానికి ఎగువనే వెలిశాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్.

నూటపన్నెండేళ్ల తర్వాత, 2020 అక్టోబరులో, పల్లె చెరువు కట్ట తెగింది. నాలుగు రోజులు తిరక్కుండానే బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. ఇళ్లలోకి నీళ్లొచ్చినవాళ్లు ఆ చెరువుల ఒడ్డున వాకింగ్ చేసేవాళ్లు కారు, కింద ఉన్న బస్తీలవాళ్లు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వాసులూ అంతే. బుడమేరు వాగుకు గండ్లు పడింది వాళ్ల వీధిలో కాదు, ఎగువన ఎక్కడో. వాళ్లలో ఎంతమంది ఆ గట్టును జన్మలో ఒక్కసారైనా చూసి ఉంటారు?

ఇప్పుడు నిబంధనల సంగతి. ఉద్యమాలన్నీ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) చుట్టూ, దాని అవతల కట్టడాలు కూడని బఫర్ జోన్ చుట్టూ తిరుగుతున్నాయి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకూ, అంటే వాననీటి కాలువకూ, 9 మీటర్లే. ఇక పది మీటర్లలోపు నాలాకు? రెండంటే రెండు మీటర్లు. కారు పెడితే తలుపు తెరుచుకోదు. నగరానికి నీళ్లు మోసే నరాలన్నీ ఈ చిన్న నాలాలే, కాలనీల వెనక, అపార్ట్‌మెంట్ల పక్కన, బడి గోడల కింద. ముప్పై మీటర్ల గీత దాటితే టీవీ కెమెరాలు వస్తాయి. రెండు మీటర్ల గీత మీద సెప్టిక్ ట్యాంకు కట్టినా అడిగే నాథుడు లేడు.

పైగా ఎఫ్‌టీఎల్ గీతను మనం నమ్మినంతగా నమ్మకూడదు. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు, మత్తడి ఎత్తును బట్టి పుట్టింది. మత్తడిని రెండడుగులు చెక్కేస్తే నీళ్లు రెండడుగులు తక్కువ నిలుస్తాయి. చెరువు లోతులేని పళ్లెం లాంటిది గనక ఆ రెండడుగులకే అంచున ఎకరాలకెకరాలు బయటపడతాయి. తూము షట్టరు ఎత్తి వదిలేసినా ఫలితం అంతే. ఎగువన వాగు పూడ్చేస్తే ఇంకా మేలు, చెరువు దానంతటదే ఎండి ‘ఇక్కడ చెరువెక్కడుంది సార్?’ అనే ప్రశ్నకు తావిస్తుంది. కబ్జాదారుడికి గొలుసు గురించి పూర్తిగా తెలుసు. తెలియనిది మనకే. మనం కట్ట మీద మానవహారం కడుతుంటాం, అతను మత్తడి దగ్గర సుత్తి పట్టుకుని ఉంటాడు.

మురుగు విషయంలోనూ ఇదే తంతు. ఎండాకాలంలో నాలాలో పారేది మన ఇళ్ల మురుగే. దాన్ని చెరువులోకి రాకుండా పైపు వేసి చుట్టూ తిప్పి కిందికి వదిలేయడం ఇప్పుడు అందరికీ నచ్చిన పరిష్కారం. మన చెరువు కంపు తగ్గుతుంది, ఫొటోలు బాగుంటాయి. ఆ పైపు ఎక్కడ తెరుచుకుంటుంది? కింది చెరువులో. ఇదొక గొప్ప అన్నట్టు శిలాఫలకాలు వేయించుకుంటున్నాం. నెక్నాంపూర్ చెరువులో 2018లో వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కలతో తేలియాడే తడినేలను ఏర్పాటు చేశారు. మొక్కల వేళ్లు, వాటిని పట్టుకున్న సూక్ష్మజీవులు నీళ్లలోని మలినాలను తింటాయి. చక్కటి పని, ఓపికగా చేసిన పని. కానీ పైనుంచి మురుగు వచ్చినన్నాళ్లూ అది పుండు మీద పూసే పైపూతే.

బెంగళూరు వెళ్లొచ్చినవాళ్లు కైకొండ్రహళ్లి చెరువును చూపించి ‘జనం తలుచుకుంటే ఏదైనా సాధ్యమే’ అంటారు. ఒప్పుకుంటాను. స్థానికులు, శాస్త్రవేత్తలు, కార్పొరేషన్ కలిసి చేసిన ముచ్చటైన పని అది. ఆ చెరువు నిండి పారిన నీళ్లు సౌళ్‌కెరె అనే చెరువు మీదుగా ఎక్కడికి పోతాయో తెలుసా? బెల్లందూరుకు. నురగలు కక్కి, నీళ్ల మీద మంటలు లేచి, 2018 జనవరిలో ఆర్పడానికి సైనికులు దిగాల్సి వచ్చిన బెల్లందూరుకు. అక్కడికి మురుగు ప్రధానంగా నగరం నడిబొడ్డు నుంచి వేరే కాలువల్లో వస్తుంది, ఆ పాపం కైకొండ్రహళ్లిది కాదు. నేననేదీ అదే. ఒకే గొలుసులో పైన ముత్యం, కింద నిప్పు. ముత్యాన్ని తుడిచిన చేతులు నిప్పు దాకా చేరలేకపోయాయి.

దీనికి కమిటీల జవాబు నాకు తెలుసు. ‘సార్, మా చేతిలో ఉన్నది మా చెరువు. ముందు దీన్ని దక్కించుకోనివ్వండి, గొలుసు సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది.’ అంబర్‌పేట బతుకమ్మ కుంటను చూపిస్తారు కూడా. 14 ఎకరాల పైచిలుకు కుంట 5 ఎకరాలకు కుంచించుకుపోయి, అదీ పోతుందనుకున్న దశలో స్థానికులు ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. 2025లో తవ్వితే నీళ్లు పైకొచ్చాయి. ఇంకో జవాబు మరింత బరువైనది. నాలాల మీద ఉన్నవి ఎక్కువగా పేదల ఇళ్లు, నాలా నాలా అంటే ముందు కూలేది వాళ్ల గోడలే. ఈ రెండో మాటకు నేను తల వంచుతాను. పునరావాసం చూపకుండా రేకుల ఇల్లు కూల్చేవాడు చెరువు పేరెత్తడానికి అర్హుడు కాడు. అయితే నాలాను మలుపు తిప్పింది, పైపులో పెట్టింది, పైన శ్లాబు వేసి పార్కింగ్ చేసుకుంది పేదలేనా? ఒక్కసారి మీ నాలా వెంట కిలోమీటరు నడిచి చూసి చెప్పండి.

అసలు నన్ను తొలిచేది వేరే ఉంది. ఊళ్లో చెరువుకు నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎన్ని గడియల నీళ్లు, ఎక్కడ కట్ట చెమరుస్తోంది, వానరాత్రి మత్తడి మీద ఎన్ని జానల నీళ్లు దూకుతున్నాయి... ఇవన్నీ అతని పని. పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లంలో అతనికి గింజలు కొలిచేవాళ్లు. ఆ వ్యవస్థను తల్చుకుని కన్నీళ్లు పెట్టుకునే అలవాటు నాకు లేదు. కులానికి కట్టేసిన కొలువు అది, అందులో వెట్టి ఉంది, నీళ్లు పంచిన చేతికి గుక్కెడు నీళ్లు దూరం నుంచి పోసిన ఊళ్లున్నాయి. అది పోవాల్సిందే. కానీ అన్యాయంతో పాటు ఆ పని కూడా పోయింది. ఇవాళ కట్ట చెమరుస్తుంటే ఎవరికి చెప్పాలి? చెరువు నీటిపారుదల శాఖదా, కార్పొరేషన్‌దా, మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏదా? శిఖం భూమి, అంటే చెరువు గర్భం, రెవెన్యూది, మురుగు జలమండలిది, చచ్చిన చేపలు కాలుష్య నియంత్రణ మండలివి. ఆరు ఆఫీసులున్నాయి, అర్ధరాత్రి గొడుగేసుకుని మత్తడి దాకా వెళ్లే మనిషి ఒక్కడు లేడు.

మన నగర పాలన మొత్తానికి పట్టిన జబ్బే ఇది. వీధిదీపం నుంచి చెరువు దాకా ఉమ్మడిది ఏదైనా సరే, దానికి శాఖ ఉంటుంది, యాప్ ఉంటుంది, ఫిర్యాదు నంబరు ఉంటుంది, పేరూ ముఖమూ ఉన్న మనిషి ఉండడు. 1992లో 74వ రాజ్యాంగ సవరణ తెచ్చినప్పుడు, 3 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నారు. ఎన్ని చోట్ల నిఖార్సుగా పనిచేస్తున్నాయో చేతివేళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. పనిచేసినా వార్డు గీతలు ఓటర్ల సంఖ్యను బట్టి గీసినవి. నీళ్లకు ఓటు లేదు. ఒక నాలా అయిదు వార్డులు దాటితే ఆ అయిదుగురు కార్పొరేటర్లకూ అది సరిహద్దులోని పీడ, ఎవరికీ సొంత బిడ్డ కాదు.

నేనడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. చెరువుకో కమిటీ బదులు గొలుసుకో కమిటీ. పై చెరువు కాలనీ, నడిమి బస్తీ, కింది చెరువులో వల వేసే ముదిరాజ్, గంగపుత్ర సంఘాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ కమిటీ కింద గొలుసుకో నీరటి, కులంతో సంబంధం లేకుండా, పరీక్ష రాసి వచ్చిన కార్పొరేషన్ ఉద్యోగిగా, నెల జీతంతో. అతని పేరు, ఫోన్ నంబరు ప్రతి మత్తడి గోడ మీద పెయింటుతో రాసి ఉండాలి. మే నెలలో ఒకసారి కమిటీ మొత్తం పైనుంచి కింది దాకా నాలా వెంట నడవాలి. చెరువు చుట్టూ నడవడం మాని, అని నా ఉద్దేశం. ఆ నడకలో ఎక్కడ పైపు, ఎక్కడ గోడ, ఎక్కడ పరుపు అని రాసుకున్న కాగితమే హైడ్రాకు, కోర్టుకు, కార్పొరేటరుకు ఇచ్చే వినతిపత్రం. గొలుసు మొత్తానికి పటం గీసి, ప్రతి మత్తడి ఎత్తును సర్వే రాయి వేసి నమోదు చేయించుకున్న రోజున సుత్తి పట్టుకున్నవాడికి మొదటిసారి భయం వేస్తుంది.

పరుపు దొరికిన రోజు మధ్యాహ్నం కమిటీ వాళ్లు వాట్సాప్ గ్రూపు చూపించారు. నాలుగు వందల పైచిలుకు సభ్యులు. పక్షుల ఫొటోలు, కార్పొరేటరుకు కృతజ్ఞతలు, ఎవరో పోగొట్టుకున్న కుక్కపిల్ల. కింది చెరువు కాలనీ నుంచి ఇందులో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. లేరు. ఆ కాలనీ పేరు కూడా ఇద్దరికే తెలుసు. వాళ్లలో ఒకామె, స్కూలు టీచరు, చెప్పులు చేతబట్టుకుని ప్రహరీ పక్క సందులోంచి నాలా దిగింది. ‘ఇటు నుంచి పోతే పావుగంట’ అంది. అయిదుగురం ఆమె వెనక బయల్దేరాం.