ఎవరి నూకలు ఎవరి పాలు?

2025 జులైలో అమెరికా ప్రభుత్వం దాదాపు 500 టన్నుల బలవర్ధక బిస్కెట్లను తగలబెట్టించింది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలో తిండికి అల్లాడుతున్న పసిపిల్లల కోసం కొని, దుబాయ్‌లోని గోదాములో నిల్వ చేసిన సరుకు అది. విదేశీ సాయం చూసే సంస్థను మూసేసే హడావిడిలో, సరుకు పంపండని ఉత్తర్వు ఇచ్చే అధికారే కరవయ్యాడు. ఈలోగా గడువు తీరిపోయింది. 15 లక్షల మంది పిల్లలకు వారం రోజులు సరిపడే తిండి బూడిదైంది. తగలబెట్టడానికి మళ్లీ లక్ష డాలర్లకు పైగా ఖర్చు. మరుసటి నెలలోనే గాజాలో కరవు నెలకొందని ఐక్యరాజ్యసమితి మద్దతున్న నిపుణుల బృందం ప్రకటించింది. సూడాన్‌లోని జంజం నిరాశ్రయుల శిబిరం విషయంలో ఆ మాట అంతకు ఏడాది ముందే వెలువడింది.

తిండి చాలక జనం చస్తున్నారన్న వాదన ఇక చెల్లదు. ప్రపంచంలో ఏటా పండే తృణధాన్యాలు 280 కోట్ల టన్నుల పైమాటే. 800 కోట్ల మందికి సమంగా పంచితే తలకు ఏడాదికి 350 కిలోలు, అంటే రోజుకు కిలోకు కాస్త తక్కువ. చెమటోడ్చి పనిచేసే మనిషికి కూడా అంత అక్కర్లేదు. అయినా 2024లో 67 కోట్ల మందికి పైగా ఆకలితో గడిపారని ఐరాస సంస్థలు లెక్క తేల్చాయి. కూరగాయలు, పప్పులు, పాలు కలిసిన పోషకాహారం కొనుక్కునే స్తోమత లేనివాళ్లు 260 కోట్ల మంది. ఊబకాయులు 100 కోట్లు దాటారన్నది 2022 నాటి లెక్క. 1943 బెంగాల్ కరవును తవ్వి చూసిన అమర్త్య సేన్, జనం చచ్చింది గింజ లేక కన్నా గింజ కొనే శక్తి పోయినందువల్లేనని 1981లోనే రుజువులతో చెప్పారు. పండిన పంట డబ్బున్న వైపు నడుస్తుంది. ఆకలి ఎంత ఉన్నా దాని చేతిలో డబ్బు లేకపోతే సంతలో దానికి చోటు లేదు.

మరి ఇంత పంట ఎక్కడికి పోతోంది? ప్రపంచంలో వాడే తృణధాన్యాల్లో మనుషులు నేరుగా తినేది సగం కూడా లేదు. మూడో వంతుకు పైగా పశువులకు, కోళ్లకు, పందులకు దాణాగా పోతోంది. సగటు అమెరికన్ తినే మాంసం సగటు భారతీయుడు తినేదానికి దాదాపు ఇరవై రెట్లు. మాంసం తినడమే తప్పని మేము అనడం లేదు. ముక్క లేనిదే పండగ లేని తెలంగాణలో కూర్చుని అలా అనడం కుదరదు కూడా. కానీ కిలో కోడిమాంసానికి రెండు కిలోల దాణా, కిలో గొడ్డుమాంసానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఏడాది పొడవునా మూడు పూటలా అదే తినే దేశాల కోసం బ్రెజిల్ అడవులు నరికి సోయా వేస్తున్నారు. ఇక అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌గా మారి కార్ల ట్యాంకుల్లోకి పోతోంది. నైరోబీలో తల్లి తన బిడ్డకు కాచే జావకూ, టెక్సస్‌లో పరుగు తీసే కారుకూ ఒకే గింజ కోసం పోటీ. అందులో గెలిచేదెవరో చెప్పనక్కర్లేదు.

పారేసే తిండి సంగతి ఇంకోటి. 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తపాలైందని ఐరాస పర్యావరణ విభాగం చెప్పింది. వినియోగదారుల దాకా వచ్చిన తిండిలో అది 19 శాతం. ఇందులో ఇళ్ల వాటాయే 60 శాతం. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇళ్లలో పారేసే తిండి విషయంలో ధనిక దేశాలకూ మధ్యస్థ ఆదాయ దేశాలకూ తలసరి తేడా ఏడాదికి 7 కిలోలే. డబ్బు చేతికొచ్చాక ఏ దేశపు ఇల్లయినా ఒకే దారి పడుతోందన్న మాట.

ఈ వ్యవహారంలో మన తెలుగువాళ్ల పాత్ర ఎలాంటిదో అర్థం కావాలంటే నూకల కథ చెప్పుకోవాలి. మన దగ్గర నూకలంటే ఉప్మాకో, జావకో, ఇంకా మిగిలితే కోళ్లకో. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో మాత్రం అదే అసలు అన్నం. చేపలు, కూరగాయలు వేసి వండుకునే వాళ్ల జాతీయ వంటకానికి నూకలే కావాలి. వాళ్లు నూకల కోసం చూసేది ప్రధానంగా మన దేశం వైపే. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవే మరి. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది. ఉక్రెయిన్ యుద్ధంతో గోధుమ ధర మండిపోయి, పేద దేశాలు బియ్యం వైపు చూస్తున్న సమయమది. నిషేధానికి కేంద్రం స్వయంగా చెప్పిన కారణాలు రెండు: కోళ్ల దాణాకు నూకల కొరత, ఇథనాల్ తయారీకి నూకల కొరత. సెనెగల్ రాజధాని డకార్‌లో ఒక కుటుంబం సాయంత్రం గిన్నె చుట్టూ కూర్చుని తినాల్సిన తిండి మీద మనం తీసుకున్న నిర్ణయమది. దాని గురించి మన దగ్గర చర్చన్నదే జరగలేదు.

చర్చ జరిగింది ఏడాది తర్వాత. 2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని కూడా ఆపేయగానే డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా భారతీయ దుకాణాల ముందు మనవాళ్లు బారులు తీరారు. ట్రాలీల్లో సోనా మసూరి సంచులు పేర్చుకుని వెళ్తున్న వీడియోలు హైదరాబాద్‌లో ప్రతి ఇంటి వాట్సాప్‌లోకీ వచ్చాయి. కొన్ని దుకాణాలు కుటుంబానికి ఒక్క సంచే అని బోర్డు పెట్టాల్సి వచ్చింది. వాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అలవాటైన అన్నం దొరకదేమోనన్న భయం ఎవరికైనా సహజమే. ఆ భయం రెండు వారాల్లో తీరిపోయింది కూడా. సంచి ధర రెట్టింపైనా కొనగలరు, లేదంటే థాయ్ బియ్యం తింటారు. కానీ ఆ మరుసటి నెల ఆగస్టులో అంతర్జాతీయ విపణిలో బియ్యం ధర 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. జీతంలో సగం తిండికే పోయే, పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లోనో టోగోలోనో ఉండే కుటుంబం ఆ పెరుగుదలను ఒక పూట మానేసి పూడ్చుకుంటుంది. మిర్యాలగూడ మిల్లులో ఆడే బియ్యం ధర అట్లాంటిక్‌కు ఒక ఒడ్డున చిరాకు, ఇంకో ఒడ్డున పస్తు.

ఎగుమతులు ఆపడం ఎప్పుడూ తప్పేనని మేము అనం. మన పేదల పళ్లెం ముందు నింపాలన్నది న్యాయమైన మాట. అడగాల్సింది, ఆపిన గింజ ఆ పళ్లేనికే చేరిందా అని. 2025లో ఇథనాల్ కోసం భారత ఆహార సంస్థ గోదాముల నుంచి కేటాయించిన బియ్యం 52 లక్షల టన్నులు. ధర కిలోకు 22 రూపాయల 50 పైసలు. అదే కిలో సేకరించి, నిల్వ చేయడానికి ఖజానాకు అయ్యే ఖర్చు దాదాపు 40 రూపాయలు. గోదాములు నిండి పొర్లుతున్నాయి, కొత్త పంటకు చోటు లేదు, పాత బియ్యం ఏం చేయమంటారని అధికారులు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. మా జవాబు కూడా సూటిగానే ఉంది. ఆహార భద్రత చట్టం కింద నేటికీ 2011 జనాభా లెక్కనే ఆధారం చేసుకుని సుమారు 81 కోట్ల మందికే బియ్యం, గోధుమలు ఇస్తున్నారు. జనాభా పెరిగినా కోటా పెరగనందువల్ల 10 కోట్ల మందికి పైగా బయటే ఉండిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతికా ఖేరా 2020లోనే లెక్కగట్టారు. కార్డు లేనివాడి వాటా గోదాములో మిగిలితే దాన్ని మిగులు అనకూడదు. అమెరికా మొక్కజొన్నను తగలేస్తోందని వేలెత్తి చూపే మనం, అదే పని అన్నం బియ్యంతో చేస్తున్నాం. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. నీళ్లు, గాలి పాడవుతాయన్నది వాళ్ల భయం. గింజ సంగతి కూడా ఆ గొడవలో కలవాల్సింది.

ధనిక దేశాల అన్యాయం తిండి దగ్గరే ఆగితే కొంత నయం. నిబంధనలు రాసేదీ వాళ్లే. రైతుకు మద్దతు ధర ఇచ్చి సేకరించి పేదలకు పంచడాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ నేటికీ సబ్సిడీ కిందే లెక్కేస్తోంది. ఆ లెక్కకు ఆధారం 1986-88 నాటి ధరలు! ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తున్న రోజుల నాటి ధరతో ఈనాటి ధాన్యం సేకరణను తూకం వేస్తే పరిమితి దాటకుండా ఎలా ఉంటుంది? 2013లో బాలిలో జరిగిన ఆ సంస్థ సమావేశంలో దొరికింది తాత్కాలిక మినహాయింపే. శాశ్వత పరిష్కారం 2024 అబుదాబీ సమావేశంలోనూ తేలలేదు. ఆహారం మనిషి హక్కు అన్న తీర్మానానికి 2021 డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభలో 186 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించినవి రెండే, అమెరికా, ఇజ్రాయెల్. ధాన్యం సేకరణ విషయంలో కేంద్రం ఇన్నాళ్లుగా చూపిన పట్టుదలను మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. ఎవరెంత ఒత్తిడి తెచ్చినా వాణిజ్య ఒప్పందాల బేరంలో దీన్ని వదులుకోకూడదు.

ఇక మన నగరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. మహిళల్లో 57.6 శాతానికి రక్తహీనత. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో 30 శాతం మహిళలు, 32 శాతం పురుషులు అధిక బరువుతో ఉన్నారు. ధనిక దేశం, పేద దేశం అని మనం గీసుకున్న గీత హైదరాబాద్ మధ్య నుంచే పోతోంది. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ మందు తయారీకి ఇక్కడి ఔషధ కంపెనీలు పోటీ పడుతుంటే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దేశ రోగభారంలో 56.4 శాతానికి తిండి అలవాట్లే కారణమని 2024 మేలో చెప్పింది.

ముహూర్తాల రోజుల్లో శంషాబాద్, కొంపల్లి దారుల్లో ఏ ఫంక్షన్ హాల్లోకైనా రాత్రి పదకొండు దాటాక వెళ్లి చూడండి. వచ్చే అతిథుల కన్నా వంద ప్లేట్లు ఎక్కువే చెప్పి ఉంటారు, సరిపోలేదన్న మాట పడకూడదని. లైవ్ కౌంటర్లు, నాలుగు రకాల బిర్యానీ, పేరు కూడా తెలియని స్వీట్లు. ఒక్కో ముద్ద తిని వదిలేసిన ప్లేట్లను వెనకాల కేటరింగ్ కుర్రాళ్లు నీలం డ్రమ్ముల్లోకి వంచేస్తుంటారు. ఎంగిలి కాని హండీలు మూత కూడా తీయకుండా మిగిలిపోతాయి. తీసుకెళ్లడానికి స్వచ్ఛంద సంస్థలున్నా, అంత రాత్రివేళ ఫోన్ చేసే ఓపిక పెళ్లివారికి ఉండదు. తెల్లారితే ఆ డ్రమ్ముల్లోది జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడుతుంది. ఆ మధ్యాహ్నమే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులు, ఆటోవాళ్లు, అడ్డా కూలీలు అయిదు రూపాయల భోజనం కోసం ఇందిరమ్మ క్యాంటీన్ ముందు వరుస కడతారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. అక్కడ ప్లేట్లో మెతుకు మిగలదు.

2014లో అన్నపూర్ణగా మొదలైన ఆ క్యాంటీన్లు, 2025 ఉగాది నుంచి రేషన్ కార్డుపై మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, రెండూ మంచి పనులే. ఇప్పుడు రాష్ట్రం ఒక అడుగు ముందుకేయాలి. ఫంక్షన్ హాళ్ల లైసెన్సు షరతుల్లో, ముట్టని తిండిని ఆ రాత్రే అప్పగించే ఏర్పాటు తప్పనిసరి చేయాలి. క్యాంటీన్ల వాహనాలే వచ్చి తీసుకెళ్లాలి, ఆ ఖర్చు హాలు యజమాని భరించాలి. కేంద్రం నిషేధాలు పెట్టాల్సి వచ్చినప్పుడు మన బియ్యం మీదే ఆధారపడిన ఆఫ్రికా దేశాలకు ఒక కోటా ముందే తేల్చి ప్రకటించాలి. చివరి నిమిషంలో ఒక్కో దేశం వచ్చి బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు. ఇథనాల్‌కు ఆహార బియ్యం కేటాయింపు వెంటనే ఆగాలి. 2027 జనాభా లెక్కలు తేలి, పట్టికలు వచ్చి, కోటా మారేదాకా ఇంకెన్నేళ్లు పడుతుందో తెలియదు. అందాకా అంచనా జనాభా ప్రకారమే కొత్త కార్డులు ఇవ్వడానికి చట్టంలో సవరణ తేవాలి. బియ్యం గోదాముల్లోనే ఉంది.