35 నిమిషాల బెజవాడ

విశాఖపట్నం, విజయవాడ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 290 కిలోమీటర్లేననీ, ఎగరడానికి 35 నిమిషాలు చాలుననీ మా బావ ఫోనులో చూసి కనుగొన్ననాటి నుంచి నాకు మనశ్శాంతి కరువైంది. ఇదివరకు బెజవాడలో ఏ శుభకార్యానికైనా వెళ్లలేకపోతే బస్సు దొరకలేదనో జ్వరమనో చెప్పుకొనేవాణ్ని. ఇప్పుడు "మాకోసం 35 నిమిషాలు కూడా లేవా బావా?" అని నిష్ఠూరమాడుతున్నాడు. నేనుండేది శ్రీకాకుళంలో అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

శాస్త్రాన్ని నేను తప్పుపట్టను. భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం కొలిచి, దానిని చిన్న విమానం వేగంతో, అంటే గంటకు 500 కిలోమీటర్లతో భాగిస్తే వచ్చేది అదే. కాకపోతే ఈ లెక్క నిజం కావాలంటే ప్రయాణికుడు రన్‌వే మీదే పుట్టి ఉండాలి. రన్‌వే చివర నులకమంచం వేసుకుని, రేషన్ కార్డుకు అదే చిరునామా ఇచ్చి, అక్కడే స్నానం చేసి తల తుడుచుకుంటూ విమానమెక్కాలి. ఆహ్వానించిన బంధువు గన్నవరం రన్‌వే మీద పందిరి వేసి, విమానం ఆగినచోటే వడ్డన మొదలుపెట్టాలి. విశాఖ రన్‌వే నౌకాదళం వారి విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాది కనుక, నా మంచానికి వారు అభ్యంతరం చెబుతారేమోనన్నదొక్కటే నా సందేహం.

మంచం లేని నేను పోయినసారి తెల్లవారుజామున అయిదింటికి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖలో దిగి, ఆటోలో విమానాశ్రయం చేరి, రెండు గంటలు కూర్చుని, టిక్కెట్టు మీద గంటగా రాసి ఉన్న ఆ 35 నిమిషాలు ఎగిరి, గన్నవరం నుంచి బెజవాడకు మళ్లీ ఇరవై కిలోమీటర్లు కారులో వెళ్లాను. నేను బయలుదేరిన వేళకే ఆమదాలవలసలో రైలెక్కినవాడు (మా ఊరికి స్టేషను కూడా పక్క ఊళ్లోనే) దాదాపు నాతోపాటే దిగి ఉంటాడు, అదీ దారిలో ఒక కునుకు తీసి.

2017లో తొలి విమానం ఎగిరిన ఉడాన్ పథకం, అదే చిన్న ఊళ్లవాళ్లకు చవకగా విమానమన్న కేంద్ర పథకం, గంట ప్రయాణానికి 2,500 రూపాయలని చెప్పింది. ఆ గంట కూడా ఆకాశంలోనిదే. నేల మీది గంటలకు విలువ కట్టినవాడెవడు? ఇచ్ఛాపురం వాడికి విశాఖ విమానాశ్రయం చేరడమే రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఉద్దానం కుర్రవాడు కూలికి చెన్నై పోవడానికి సాధారణ బోగీలో మరుగుదొడ్డి తలుపు పక్కన రాత్రంతా నిలబడతాడే, ఆ రాత్రి ఏ ఫోనులో కనిపిస్తుంది? మా ఊరికీ విశాఖకూ నడుమనున్న భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే నెలలో మరోసారి శంకుస్థాపన చేశారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం కొలిచే మేధావులారా, ఆ రెండు శిలాఫలకాల మధ్య దూరం కూడా కొలవండి! నాలుగేళ్లకు పైగా! పొలాలిచ్చి, ఊరు వదిలి వెళ్లిన రైతు ఆ నాలుగేళ్లనూ నేల మీదే గడిపాడు, సిగ్గులేని లెక్కలు మీరూనూ!

ఈ ఆవేశమంతా ఫోనులో వెళ్లగక్కి, భోగాపురం నుంచి విమానాలు తిరిగితే మాకు దారిలో గంటకు పైగా కలిసివస్తుందని బావకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. లెక్క చూస్తున్నాడని తరువాత అర్థమైంది.

"మీకది నష్టమే బావా," అన్నాడు జాలిగా. "అక్కడి నుంచి బెజవాడ ఇంకో నలభై కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది."