సన్మానాలు సరే, లీజు ఎక్కడ?

1960 నాటికి న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1891లో తలుపులు తెరిచిన ఆ సంగీతశాలను పడగొట్టి, ఆ స్థలంలో ఆఫీసుల టవర్ లేపాలన్నది ఆలోచన. ఏళ్ల తరబడి అక్కడే కచేరీలు చేస్తున్న ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కూడా కొత్త చోటికి మారడానికి సిద్ధపడింది. అప్పుడు వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ కొందరు పౌరులను కూడగట్టి అడ్డుపడ్డారు, హాలు నిలిచింది. ఈ కథ చెప్పేవాళ్లంతా స్టెర్న్ పేరు దగ్గర ఆగిపోతారు. మాకు మాత్రం అందులో అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత జరిగిన కాగితాల పని. రాష్ట్ర శాసనసభ అందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. నగరపాలక సంస్థ 50 లక్షల డాలర్లు పెట్టి హాలును కొన్నది. కొని తాళం తన జేబులో వేసుకోలేదు, లాభాపేక్ష లేని ఒక సంస్థకు లీజుకిచ్చింది. హాలు ఇప్పటికీ నడుస్తున్నది ఆ ఏర్పాటు మీదే.

పాత ప్రదర్శనశాలలను కాపాడుకోవడానికి ఎక్కడికక్కడ జనం సంఘాలు పెట్టుకుంటున్నారు. రిటైరైన టీచర్లు, ఒకప్పుడు ఆ స్టేజీ మీద వేషం కట్టినవాళ్లు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు, కరెంటు పని తెలిసిన ఒకాయన, లెక్కలు రాసే ఒకావిడ... సంఘం అంటే చాలాచోట్ల ఇంతే. వీళ్లను మెచ్చుకోనివాళ్లు ఉండరు. వార్షికోత్సవానికి వచ్చిన పెద్దలు మైకు ముందు నాలుగు మంచి మాటలు చెప్పి, ఫొటో దిగి వెళ్తారు. లీజు మాట ఎత్తగానే ఫైలు పైన ఉందంటారు. మా అభిప్రాయం సూటిగా చెప్తాం. ప్రభుత్వం కానీ, పురపాలక సంఘం కానీ, ట్రస్టు కానీ, హాలు ఎవరిదైతే వాళ్లు ఈ సంఘాలకు చేయగలిగిన అసలు సాయం డబ్బు కాదు. హాలును కనీసం ఒక తరం పాటు చూసుకునే హక్కును రాసివ్వడం.

ఎందుకంటే వీళ్లు చేసే పని ఏడాదికేడాది పర్మిషన్ మీద జరిగేది కాదు. పాత హాలు బాగుచేయడం అనగానే బయటివాళ్లకు కొత్త రంగులు, దీపాలు, పునఃప్రారంభం రోజు రిబ్బన్ గుర్తొస్తాయి. అసలు పని వాన వెలిసిన మర్నాడు మొదలవుతుంది. ఒకరు నిచ్చెన వేసుకుని పైకప్పు అంచుకు ఎక్కుతారు. నీళ్లు పోయే తూములో ఎండుటాకులు, పావురాల రెట్ట, ఎక్కడినుంచో ఎగిరొచ్చిన పాలిథిన్ కవరు. అది పూడుకుపోతే నీళ్లు గోడ పట్టుకుని దిగుతాయి. లోపల ముందు కనిపించేది అరచేయంత మరక. దాని మీద రంగేస్తే మరక పోతుంది, నీళ్లు మాత్రం పోవు. నెమ్మదిగా గోడలోకి దూలం దూర్చిన చోటికి చేరతాయి. బయటికి కనిపించే దూలమంతా దిట్టంగానే ఉంటుంది. గోడలో ఉన్న జానెడు ముక్క మాత్రం మెత్తబడి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పొట్టులా రాలుతుంది. కప్పు బరువు మోసేది ఆ జానెడే. తూము శుభ్రం చేయడానికి ఒక పూట చాలు. దూలం మార్చాలంటే కప్పు విప్పాలి, హాలు మూయాలి, చందాలకు మళ్లీ గడప గడపా ఎక్కాలి.

ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్ బృందం 1877లో పాత కట్టడాల రక్షణకు ఇంగ్లండ్‌లో సంఘం పెట్టినప్పుడు తమ ప్రకటనలో అడిగింది కూడా ఇదే: భారీ పునరుద్ధరణలు మానండి, రోజువారీ ఆలనాపాలనతో శిథిలం కాకుండా ఆపండి అని. దాదాపు ఒకటిన్నర శతాబ్దమైంది. ఇప్పటికీ దాతలు శిలాఫలకానికి డబ్బిచ్చినంత సులువుగా తూము శుభ్రం చేయడానికి ఇవ్వరు.

సిమెంటు మోజు ఇంకో తలనొప్పి. పాత ఇటుక గోడ, సున్నం పూత చెమ్మను పీల్చుకుంటాయి, మళ్లీ ఆరబెట్టుకుంటాయి. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అది ఇటుకలోనే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, కొన్నేళ్లకు ఇటుకే పొరలు పొరలుగా ఊడుతుంది. గోడ గట్టిపడిందని అందరూ సంతోషిస్తున్న సమయంలోనే లోపల ఈ తంతు నడుస్తుంటుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే. దొరికినప్పుడు ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి పని నేర్పించడం కూడా హాలును కాపాడటంలో భాగమే అనుకోవాలి.

మామూలు పాత భవనానికి లేని ఆస్తి ఒకటి ప్రదర్శనశాలకు ఉంటుంది. అది వినికిడి, అంటే లోపల శబ్దం వినిపించే తీరు. హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాలులో మాట్లాడితే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఒక్క మాట అయిదున్నర సెకన్ల దాకా గదిలో గింగిరాలు తిరుగుతూనే ఉండేది. 1895లో ఆ సంగతేమిటో చూడమని వాలెస్ సాబిన్ అనే కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన ఊరు సద్దుమణిగాక, రాత్రిపూట, దగ్గర్లోని నాటకశాల సీట్ల మీది పరుపులను మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా పేరుస్తూ, ఆర్గాన్ అనే వాద్యం గొట్టం మోగించి, చప్పుడు ఎంతసేపటికి అణగిపోతుందో గడియారం పట్టి కొలిచారు. గది ఎంత పెద్దది, అందులో శబ్దాన్ని పీల్చేవి ఎన్ని ఉన్నాయి అన్న రెండింటి మీదే అంతా ఆధారపడుతుందని అలా తేలింది. ఆ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాల్ కట్టారు. సంగీతానికి ప్రపంచంలో మేటి హాళ్లలో ఒకటిగా దాన్ని నేటికీ చెప్పుకుంటారు.

ఇది పాఠ్యపుస్తకం సంగతి కాదు. ఒక దాత ప్రేమగా చెక్క కుర్చీలు తీయించి మెత్తటి సోఫా సీట్లు వేయిస్తాడు. ఇంకొకరు నేలంతా తివాచీ పరిపిస్తారు. మరొకరు ఏసీ కోసం ఫాల్స్ సీలింగ్ పెట్టిస్తారు. ముగ్గురూ మంచి చేశామనే అనుకుంటారు. మైకు లేకుండా వెనక బెంచీ దాకా పద్యం వినిపించిన హాలులో ఆ తర్వాత మైకు పెట్టినా మాట తేలదు. మాటకు దాదాపు ఒక సెకను, పెద్ద వాద్యబృందానికి రెండు సెకన్ల దరిదాపుల్లో ప్రతిధ్వని ఉంటే బాగుంటుందన్నది నిపుణుల లెక్క. పాత హాలులో దేన్ని మార్చబోయినా ముందు, ఖాళీగా ఉన్నప్పుడొకసారి, నిండినప్పుడొకసారి ఒకే పాటను రికార్డు చేసి పెట్టుకోవాలి. ఫోనుతో అయ్యే పని. తర్వాత తేడా వస్తే కనీసం ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

ఇంతవరకు సంఘాల వైపు నిలబడి రాశాం. అగ్నిప్రమాదాల విషయంలో మాత్రం వాళ్లతోనూ గట్టిగానే మాట్లాడాలి. షికాగోలో ఇరాక్వాయ్ థియేటర్ నిప్పంటుకోని భవనమని ప్రచారం చేసుకుని ప్రారంభమైంది. నెలన్నర తిరక్కుండానే, 1903 డిసెంబరు 30న, మధ్యాహ్నం ఆటలో మంటలు లేచి 600 మందికి పైగా చనిపోయారు. తాళాలు వేసిన తలుపులు, లోపలికి తెరుచుకునే తలుపుల దగ్గరే శవాలు గుట్టపడ్డాయి. అంత వెనక్కి పోనక్కర్లేదు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది పోయింది కూడా బయటపడే దారి లేకనే. పాత హాలు కదా, అప్పుడు ఇలాగే కట్టారు కదా అన్న జవాబు ఇక్కడ చెల్లదు. తలుపు చెక్క పాతదే ఉంచండి, అది బయటికి తెరుచుకునేలా మాత్రం మార్చండి. పాత వైరింగ్ మీద కొత్త లైట్లు వేలాడదీయకండి. గోడ మీది చిత్రాలకు మెరుగు పెట్టడం ఆగుతుంది, ఇవి ఆగవు.

మరమ్మతు జరుగుతున్న రోజులే అన్నిటికన్నా ప్రమాదమన్నది వెనిస్‌లోని ‘లా ఫెనీచే’ నాటకశాల చెప్పే పాఠం. 1996లో బాగుచేత పనులు నడుస్తుండగా అది తగలబడింది. పని ఆలస్యమైతే జరిమానా కట్టాల్సి వస్తుందన్న భయంతో ఇద్దరు ఎలక్ట్రీషియన్లే నిప్పు పెట్టారని కోర్టులో తేలింది. శుభ్రం చేయడానికని పక్క కాలువల్లో నీళ్లు తోడేసి ఉండటంతో అగ్నిమాపక పడవలు దగ్గరికి రాలేకపోయాయి. నీళ్ల మీద నిలిచిన నగరంలో నీళ్లు అందక ఒక నాటకశాల బూడిదైంది. మళ్లీ కట్టి తెరవడానికి 2003 దాకా పట్టింది. కాంట్రాక్టరు మనుషులు సాయంత్రం వెళ్లిపోయాక మెయిన్ స్విచ్ ఎవరు ఆపుతారో, రాత్రి కాపలా ఎవరో పేరుతో సహా రాసి గోడకు అంటించని సంఘం తన హాలును దేవుడికి వదిలేసినట్టే.

ఇక రక్షిత కట్టడాల జాబితా. అందులో పేరెక్కితే గండం గట్టెక్కిందని చాలామంది అనుకుంటారు. లండన్‌లో 1859లో కట్టిన విల్టన్స్ మ్యూజిక్ హాల్ 1888 నుంచి మెథడిస్టుల ప్రార్థనా మందిరంగా, ఆ తర్వాత పాత గుడ్డల గోదాముగా బతికింది. 1960లలో కూల్చేస్తామంటే కవి జాన్ బెట్జమన్ వంటివాళ్లు పోరాడి ఆపారు. 1971లో జాబితాలో చేరింది. మరమ్మతులు పూర్తయింది 2015లో! జాబితా కూల్చేవాడి చెయ్యి పట్టుకుంటుంది కానీ కారే కప్పుకు పెంకు వేయదు. అయితే విల్టన్స్‌ను బాగుచేసిన తీరు మాకు నచ్చింది. గోడల మీద కాలం వేసిన గీతలు, పెచ్చులు అలాగే ఉంచి, కూలిపోకుండా మాత్రం బలపరిచారు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని కట్టడాల రక్షణ మీద నిపుణులు చేసిన 1964 నాటి వెనిస్ ప్రకటన పెట్టిన నియమానికి ఇది దగ్గరగా ఉంది. కట్టడం సమాజానికి ఉపయోగపడుతుంటేనే దాన్ని కాపాడటం సులువని చెప్పింది కూడా ఆ ప్రకటనే. తాళం వేసి దాచిన హాలులో చెదలు తప్ప ఎవరూ ప్రదర్శన ఇవ్వరు.

అందుకే మళ్లీ లీజు దగ్గరికి వస్తున్నాం. పదకొండు నెలల అనుమతి ఉన్న సంఘానికి ఏ బ్యాంకు అప్పు ఇస్తుంది? ఏ దాత కప్పు మార్పించడానికి ముందుకొస్తాడు? రేపు ఖాళీ చేయమంటే పెట్టిందంతా గంగలో పోసినట్టే కదా! చిన్న మరమ్మతులు ఎవరివి, పెద్దవి ఎవరివి, బీమా ఎవరు కట్టాలి, అద్దె ఎంత వసూలు చేయొచ్చు అన్నది రాసుకోకపోతే ప్రతి వానకూ ఒక తగాదా. లీజు ఉన్నంత మాత్రాన సరిపోదని చెన్నై విక్టోరియా పబ్లిక్ హాల్ చూపిస్తుంది. 1883లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి శంకుస్థాపన చేయగా, జనం చందాలతో లేచిన హాలు అది. లీజు గడువు తీరాక ఏమవుతుందన్నది తేలక ట్రస్టుకూ నగరపాలక సంస్థకూ మధ్య వ్యవహారం కోర్టుకెక్కింది. నాటకాలతో కళకళలాడిన హాలు దశాబ్దాల పాటు వెలవెలబోయింది. గడువు ముగిసే ముందే కొత్త ఒప్పందం మీద మాట్లాడుకోవాలన్న షరతు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

హక్కు అడిగేవాళ్లు లెక్క చెప్పడానికీ సిద్ధపడాలి. కొన్ని సంఘాల్లో తాళాలు, పాస్‌బుక్, పాత ఫొటోలు అన్నీ ఒక్కరి ఇంట్లోనే ఉంటాయి. ఆ ఒక్కరు మంచం పడితే హాలు కూడా పడుతుంది. ఏటా ఆడిట్ లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాలి. హాలు ఎవరికి, ఏ రేటుకు, ఏ వరసలో ఇస్తారో అందరికీ తెలియాలి. కమిటీలో పాతికేళ్ల లోపువాళ్లకు కుర్చీలు వేసే పని కాకుండా ఓటు కూడా ఉండాలి. చరిత్ర చెప్పుకునేటప్పుడు నచ్చినంతవరకే చెప్పుకోవడమూ బాగుండదు. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్ గాయని మారియన్ ఆండర్సన్‌కు ఆమె నల్లజాతి మనిషి అన్న కారణంతో వేదిక ఇవ్వలేదు. ఆమె లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి 75 వేల మంది ముందు పాడింది. ఎవరు పాడారన్న ఫొటోలు కట్టిన గోడ మీదే, ఎవరిని లోపలికి రానివ్వలేదన్నది కూడా రాసిపెట్టే ధైర్యం సంఘాలకు ఉండాలి.

హాళ్ల యజమానులకు మేము చెప్పేది ఒకటే. సంఘం లీజు దరఖాస్తుకు గడువు పెట్టి జవాబివ్వండి. ముప్పై ఏళ్లు ఇవ్వలేకపోతే ఇరవై ఇవ్వండి, మూడేళ్లకోసారి తనిఖీ పెట్టుకోండి, షరతు తప్పితే రద్దు చేసే అధికారం దగ్గర ఉంచుకోండి. అసలు ఇవ్వదలచుకోకపోతే ఆ మాటే కారణంతో సహా రాసి సంతకం పెట్టండి. అప్పుడు వాళ్లు చందా పెట్టెను పక్కన పెట్టి వకీలు దగ్గరికైనా వెళ్తారు.