ప్రేరణకు ఐదులో ఒకటి

ఈ ఉదయం మా విభాగం సమావేశంలో ఒక విద్యార్థినికి ‘ప్రేరణ’ అనే గడిలో ఐదుకు ఒక మార్కు వేశారు. ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాలట. ఇది రాస్తున్నప్పటికీ కోపం దిగలేదు కనుక, ఎక్కడైనా మాట తూలితే మన్నించండి.

ఆ అమ్మాయి చేసిన నేరం మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడటం. రాత్రి ఒంటిగంట దాకా ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూసి, ఇల్లు చేరి, పొద్దున 8 గంటలకల్లా తరగతిలో కూర్చునే మనిషికి ప్రేరణ లేదని, అదే పీరియడ్‌కు నెలలో సగం రోజులు రాని మరొక కుర్రవాడు మాత్రం ‘బయటి కార్యక్రమాల్లో చాలా చురుగ్గా ఉంటాడు’ కనుక అతనికి ఐదుకు ఐదు ఇవ్వాలని మా పెద్దలు తేల్చారు. ఆ కుర్రవాడి మీద నాకేమీ కోపం లేదు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, వేసవిలో జీతం లేని ఇంటర్న్‌షిప్ చేశాడు, ఒక క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు, చదువుతున్నది నచ్చక మధ్యలో ఒకసారి కోర్సు కూడా మార్చుకున్నాడు. అప్పుడు అందరూ ‘పాపం, తనకేం కావాలో వెతుక్కుంటున్నాడు’ అన్నారు. కిందటేడు ఫీజు కట్టలేక ఒక సెమిస్టర్ ఆగిపోయిన పిల్లవాడిని ‘వీడికి నిలకడ లేదు’ అన్నవీ ఈ నోళ్లే. వెతుక్కోవడానికీ నిలకడ లేకపోవడానికీ మధ్య తేడా తండ్రి బ్యాంకు ఖాతాలో ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, ఇన్నేళ్ల ఉద్యోగంలో చూసి నేర్చుకున్నాను.

నేను నోరు విప్పబోయేసరికి ఒక సహోద్యోగి మార్ష్‌మెల్లో కథ ఎత్తుకున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ పసిపిల్లల ముందు మార్ష్‌మెల్లో లాంటి మిఠాయి పెట్టి, కాసేపు ఓపిక పడితే రెండోది ఇస్తామని చెప్పించిన ప్రయోగం అది. ఓపిక పట్టిన పిల్లలు తరువాత చదువులో రాణించారు కనుక అంతా నిగ్రహంలోనే ఉందని దాని నుంచి తీసే నీతి. శిక్షణ తరగతుల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనే పరిశోధకులు ఇంకా ఎక్కువమంది పిల్లల వివరాలతో దాన్ని తిరిగి పరిశీలించి, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయిందని చూపిన సంగతి మాత్రం ఒక్క శిక్షణలోనూ వినలేదు. రెండో మిఠాయి వస్తుందన్న భరోసా ఏనాడూ లేని ఇంట్లో, చేతికందినదాన్ని తినేయడాన్ని బుద్ధి తక్కువ పని అని ఎలా అంటారో నాకు తెలియదు.

దానికి మరొకరు వంత పాడుతూ, ‘అసలు పేదరికమే కసి పుట్టిస్తుందండీ, లేమిలో పెరిగినవాళ్లే పైకొస్తారు’ అన్నారు. ఆకలి గొప్ప గురువని చెప్పేవారు ఎప్పుడూ కడుపు నిండాకే చెబుతారెందుకో! పైకొచ్చినవారిని వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పుతాం. మధ్యలో మానేసినవారిని పిలవడానికి మన దగ్గర చిరునామా కూడా ఉండదు కనుక, లేమి అందరినీ పైకి తెచ్చినట్టే కనిపిస్తుంది. చెరకు రైతులను పంట కోతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పరీక్షించిన ముల్లైనాథన్, షఫీర్ బృందం 2013లో వెల్లడించిన ఫలితం నాకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆలోచనా పరీక్షల్లో వెనకబడిన రైతులే, డబ్బు అందాక మెరుగ్గా చేశారు. బోర్డు మీది సమీకరణం చూస్తూ ఫీజు గడువుకు ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టుకునే అమ్మాయి బుర్ర కూడా ఆ కోతకు ముందు బుర్రే. ఆ మాట అన్నాను. ‘మన పిల్లలు రైతులు కారు కదా మేడమ్’ అని సమాధానం వచ్చింది.

ఇక డబ్బున్న పిల్లలకు చదువు మీద ధ్యాసే ఉండదన్న మాట కూడా నాకు రుచించదు, ఎందుకంటే అది కూడా సగం నిజమే. అమెరికా విద్యార్థులపై లారా హామిల్టన్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు పెట్టే డబ్బు పెరిగేకొద్దీ మార్కులు తగ్గాయి, డిగ్రీ పూర్తిచేసే అవకాశం మాత్రం పెరిగింది. నా కళ్లకు అందులో బద్ధకం కనిపించదు. ఎంత చదివితే గట్టెక్కుతారో అంత చదువుతారు, మిగిలిన కాలాన్ని స్నేహాలకు, క్లబ్బులకు, పరిచయాలకు ఇస్తారు. దానికి మనం ‘సమగ్ర వ్యక్తిత్వం’ అని పేరు పెడతాం. ఒక్క పేపరు పోతే ఇల్లంతా కుదేలవుతుందన్న బెదురుతో రాత్రింబవళ్లు చదివేవాళ్లకు మాత్రం ‘మార్కుల పిచ్చి’ అని పేరు.

నా కోపం ఈ ఉదయం పుట్టింది కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను చివరి సంవత్సరం చదువుతుండగా మా ప్రొఫెసర్ గారు నన్నూ నా స్నేహితుణ్ణీ వేసవిలో తన పరిశోధనలో పని చేయమని పిలిచారు, జీతం ఉండదన్నారు. అతను అక్కడికక్కడే సరేనన్నాడు. నేను ఒక రోజు గడువు అడిగి, మరునాడు వెళ్లి రాలేనని చెప్పి, ఆ రెండు నెలలూ ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పాను. తరువాత ఆయన నాకిచ్చిన సిఫారసు లేఖలో ‘తెలివి ఉంది, పరిశోధన పట్ల తపన కనిపించదు’ అని ఉంది. ఆ స్నేహితుడు ఇప్పటికీ ఆ వేసవిని తన జీవితంలో చేసిన పెద్ద సాహసమని చెప్పుకుంటాడు. రెండు నెలల గది అద్దె ఇంటి నుంచి వచ్చిన సాహసం అది! ఎన్నడూ పైకి అనలేదు, ఈ రోజు ఇక్కడ అంటున్నాను.

సమావేశం ముగిశాక, ఆ అమ్మాయిని మధ్యాహ్నం సెక్షన్‌కు మార్చమని అడిగాను. టైమ్ టేబుల్ అచ్చయిపోయిందట. సంతకం పెట్టమని నా ముందుకు తోసిన కాగితంలో ఒకటిని కొట్టేసి ఐదు వేశాను. మార్చితే పక్క గడిలో కారణం రాయాలన్నారు. ‘8 గంటలకు వచ్చింది’ అని రాశాను. ఇది కారణం కిందికి రాదని సాయంత్రం కాగితం తిరిగొచ్చింది, నా సంచిలోనే ఉంది.